మటన్ అని మార్చి పంపండి, వేస్తాం

పోస్టు కొంచెం పొడుగు. ఓపిక ఉన్నవాళ్ళు ఇప్పుడే చదవండి, లేనివాళ్ళు రాత్రి భోంచేసి చదవండి. నేను బళ్ళో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు నలభై దాటాక మన సంఘం ఆదివారం క్లాసులో నేర్చుకున్నాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పోతే మన్నించండి.

విషయం ఇది. మన సంఘం వంటల పుస్తకం వేస్తోంది. "తమిళనాట తెలుగువారి వంటలు" అని పేరు. ప్రతి వీధి నుంచీ, ప్రతి కులం నుంచీ వంటలు పంపమని కమిటీవాళ్ళే వాట్సాప్‌లో అడిగారు. మా వీధి ఆడవాళ్ళు ఒక మధ్యాహ్నమంతా కూర్చుని మూడు వంటలు రాయించి పంపారు. రాగిముద్ద ఒకటి, మునగాకు వేపుడు ఒకటి, కైమా ఉండల పులుసు ఒకటి. మొదటి రెండూ తీసుకున్నారు. మూడోది తిరిగి వచ్చింది. దాని కింద ఒకే వాక్యం: "మటన్ అని మార్చి పంపండి, వేస్తాం."

మీకు అర్థమయ్యే ఉంటుంది. అది బీఫ్ కైమా. తెలంగాణలో పెద్దకూర అంటారు. మా వైపు బీఫ్ అనే అంటాం, కొట్టు బోర్డు మీద కూడా అదే రాసి ఉంటుంది.

మేము అరుంధతీయులం. కోయంబత్తూరు, తిరుప్పూరు, ఈరోడు వైపు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళలో మావాళ్ళు ఎందరో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ వంట రాయించిన పెద్దావిడకు డెబ్బై దాటాయి. ఆమెకు చదువు రాదు. మనవరాలు రాసింది. సమాధానం చూసి ఆమె నన్ను ఒక్క మాట అడిగింది: "ఏం నాయనా, మటన్ అని రాస్తే అది నా వంట ఎట్లా అయితాది?"

నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ పోస్టు.

నేను రైల్వేలో గూడ్స్ క్లర్కుగా చాలా ఏళ్ళు పనిచేశాను. సరుకు బుక్ చేసేటప్పుడు అందులో ఏముందో ఉన్నది ఉన్నట్టు రాయాలి. లోపల ఒకటి పెట్టి కాగితం మీద ఇంకొకటి రాస్తే దాన్ని తప్పుడు డిక్లరేషన్ అంటారు. దానికి రైల్వే చట్టంలో పెనాల్టీ ఉంది. మన కమిటీ ఒక ముసలావిడను అడుగుతున్నది అదే పని. కూర అదే ఉండనీ, చీటీ మాత్రం మార్చు అని. నేను కౌంటర్లో ఉంటే ఆ పార్సిల్ తీసుకునేవాణ్ణి కాదు.

ఇప్పుడు కమిటీవాళ్ళు ఫోన్లో నాకు చెప్పిన మూడు కారణాలకు వరసగా జవాబు చెప్తాను. పేర్లు చెప్పను. వాళ్ళు నాకు శత్రువులు కారు. అందరం ఒకే పందిట్లో ఉగాది పచ్చడి తిన్నవాళ్ళం.

మొదటి కారణం: "మాంసం ఏదైతే ఏముంది అన్నా, కైమా కైమానే కదా."

కాదు. కైమా ఎందుకు పుట్టిందో చూడండి. మెత్తటి ముక్కను ఎవరూ పనిగట్టుకుని కొత్తరు. ముసలి ఎద్దు మెడ, భుజం, పిక్క లాంటి గట్టి భాగాలు చాలాసేపు ఉడికిస్తే తప్ప పళ్ళకు లొంగవు. అందులో నరాలు, పొరలు ఎక్కువ. వాటిని సన్నగా కొత్తితే పొరలు తెగి మాంసం మెత్తబడుతుంది, తొందరగా ఉడుకుతుంది, ఉండ కడితే నిలుస్తుంది. కట్టెలు తక్కువ ఖర్చు, పంటికి పని తక్కువ. పైగా పుట్నాల పొడో, నానిన రొట్టెముక్కో, ఉడికిన ఉర్లగడ్డో కలిపితే అరకిలో మాంసం ఎనిమిది మందికి వస్తుంది. మటన్ ఎప్పుడు కొందాం అన్నా బీఫ్ ధరకు రెట్టింపు పెట్టాలి. కైమా ఉండ అంటే చేతిలో తక్కువ డబ్బుతో ఎక్కువ కంచాలు నింపిన ఆడవాళ్ళ తెలివి. అందులో బీఫ్ తీసేసి మటన్ పెడితే ఆ లెక్క పోతుంది, ఆ చరిత్ర కూడా పోతుంది.

ఇంగ్లీషువాళ్ళను చూడండి. వాళ్ళకు ఒక వంట ఉంది. అడుగున కైమా, పైన మెత్తగా చిదిపిన ఉర్లగడ్డ, ఓవెన్లో పెట్టి ఎర్రగా కాలుస్తారు. గొర్రె కైమా పెడితే దాని పేరు షెపర్డ్స్ పై, అంటే గొర్రెలకాపరి పై. బీఫ్ కైమా పెడితే కాటేజ్ పై. హోటళ్ళలో కలిపేసి పిలిచేవాళ్ళు ఉన్నా, తెలిసినవాళ్ళు ఈ తేడా పట్టించుకుంటారు. మాంసం మారితే వంట పేరే మారుతుంది. మన కమిటీకి మాత్రం మాంసం మారినా పేరూ మారదు, ఊరూ మారదు, పంపినావిడ కూడా మారదు!

రెండో కారణం: "బీఫ్ మన సంస్కృతి కాదు."

ఈ మాట వినగానే పుస్తకం చివరి అధ్యాయం తెరిచాను. ప్రూఫు నా దగ్గర కూడా ఉంది, అక్షరదోషాలు చూడమని నాకే ఇచ్చారు. (తమిళ మీడియం వాడికి తెలుగు ప్రూఫు! సరే.) ఆ అధ్యాయం పేరు "మన మనవళ్ళ వంటిల్లు". అమెరికాలో, జర్మనీలో ఉన్న మన సభ్యుల పిల్లలు పంపిన వంటలు. అందులో ఏమున్నాయి? బర్గర్ ఉంది. బొలొనీస్ పాస్తా ఉంది. టాకో ఉంది. మూడింటిలోనూ "కైమా" అనే రాశారు. ఏ కైమా అని లేదు. తెలివిగా వదిలేశారు.

బర్గర్ పేరు జర్మనీలోని హాంబర్గ్ ఊరి నుంచి వచ్చింది. అమెరికా వెళ్ళి రొట్టె మధ్యలో చేరింది. అమెరికాలో హాంబర్గర్ అంటే బీఫే. వేరేది పెడితే టర్కీ బర్గర్ అనో, చికెన్ బర్గర్ అనో ముందు ఆ పేరు చేర్చి చెప్తారు.

బొలొనీస్ సంగతి ఇంకా బాగుంటుంది. ఇటలీలో బొలోన్యా అనే ఊరు ఉంది. ఆ ఊరి కైమా గ్రేవీ పేరు రగూ. ప్రపంచమంతా ఇష్టం వచ్చినట్టు వండుతున్నారని అక్కడి వంటల అకాడమీవాళ్ళు 1982లో ఆ వంటను ఊరి చాంబర్ ఆఫ్ కామర్స్‌లో రిజిస్టర్ చేయించారు. మనం ఇల్లు రిజిస్టర్ చేయించినట్టు! 300 గ్రాముల బీఫ్, 150 గ్రాముల పంది కొవ్వుమాంసం, ఉల్లి, క్యారట్, సెలరీ, టమాటా, వైను, పాలు. 2023లో మళ్ళీ సవరించి రాసుకున్నారు. పేదవాడి గట్టి మాంసంతో చేసిన గ్రేవీని దాచకుండా, అది తమ ఊరి పరువు అని కాగితం మీద పెట్టుకున్నారు. మన పుస్తకం ఆ బొలోన్యా పరువును అచ్చు వేస్తుంది. కోయంబత్తూరు ముసలావిడ పరువును చీటీ మార్చి రమ్మంటుంది.

విమానం ఎక్కి వస్తే వంట, గల్లీలోంచి వస్తే తప్పు. ఇది సంస్కృతి మీద ప్రేమ అని నేను అనుకోను. పంపినవాళ్ళు ఎవరు అన్నదే ఇక్కడ లెక్క.

ఇంకొకటి చెప్తాను. దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్ వైపు బొబోటీ అనే వంట ఉంది. బీఫ్ కైమాలో మసాలా పొడి, పసుపు, పాలలో నానబెట్టిన రొట్టె, ఎండుద్రాక్ష కలిపి, పైన గుడ్డు, పాలు పోసి కాలుస్తారు. ఆ పసుపూ మసాలా అక్కడికి ఎట్లా వెళ్ళాయి? డచ్చివాళ్ళు తూర్పు దేశాల నుంచి ఎందరినో బానిసలుగా ఓడల్లో కేప్‌కు తీసుకెళ్ళారు. అందులో మన కోరమండల్ తీరం మనుషులూ ఉన్నారు. మన పళవేర్కాడులో డచ్చివాళ్ళకు కోట ఉండేది, అక్కడి నుంచీ బానిసల ఓడలు కదిలాయి. పేర్లు పోయాయి, భాష పోయింది. ఆ వంటిళ్ళ రుచి మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆ దేశంలో బొబోటీ అంటే అందరికీ గొప్ప. బానిసల వంట అని ఎవరూ పక్కన పెట్టలేదు.

అంత దూరం ఎందుకు? పోదనూరు రైల్వే కాలనీ ఉంది. మన సభ్యుల్లో రైల్వేవాళ్ళకు బాగా తెలుసు. అక్కడ ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. వాళ్ళ ఇళ్ళలో బాల్ కర్రీ, ఎల్లో రైస్ అని ఒక జోడీ. బీఫ్ కైమా ఉండలు కొబ్బరి వేసిన ఎర్రటి పులుసులో, పక్కన పసుపు వేసిన కొబ్బరిపాల అన్నం, ఇంకా ఉల్లి, మిరప, వెనిగర్ కలిపి నూరిన డెవిల్ చట్నీ. ఇంగ్లీషులో ఆ "బాల్" అన్న మాట కొంచెం మోటుగా వినిపిస్తుందని కొందరు పెద్దమ్మలు సరదాగా దాన్ని బ్యాడ్ వర్డ్ కర్రీ అనేవాళ్ళు.

మా అమ్మ ఆ కాలనీలో ఒక డ్రైవర్‌గారింట్లో పనిచేసేది. ఆ ఇంటి ఆంటీ మా అమ్మ దగ్గర పుట్నాల పొడి కలపడం నేర్చుకుంది. మా అమ్మ ఆంటీ దగ్గర పచ్చి ఉండలను నేరుగా మరిగే పులుసులో వేయడం నేర్చుకుంది. అంతకుముందు మేము నూనెలో వేయించి వేసేవాళ్ళం. అంటే ఈరోజు మీరు వెనక్కి పంపిన ఆ వంటలో మాదీ ఉంది, ఇంగ్లీషువాడిదీ ఉంది, తమిళుల కోలా ఉరుండై కూడా ఉంది. వేరే వేరే జనాలు ఒకే కొట్టులో ఒకే రకం మాంసం కొనుక్కుని ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్న వంట అది. దాన్ని సంస్కృతి అనకపోతే ఇంక దేన్ని అంటారు?

మూడో కారణం: "ఇతర సభ్యుల మనసు నొచ్చుకుంటుంది."

ఇది మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. మన సంఘంలో శాకాహారులు ఉన్నారు. ఆవును తల్లిగా కొలిచేవాళ్ళు ఉన్నారు. మాటు పొంగల్ రోజు పశువుకు పసుపు, కుంకుమ పెట్టేవాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు. వాళ్ళ భక్తిని నేను ఎగతాళి చేయను. సంఘం విందులో బీఫ్ వడ్డించమని నేను ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. ఒకే పందిట్లో అందరూ కూర్చోవాలంటే కొన్ని సర్దుకోవాలి. కానీ పుస్తకం పంది కాదు, పందిరీ కాదు. ఇష్టం లేని పేజీ తిప్పేయొచ్చు. అదే పుస్తకంలో పంది వేపుడు ఉంది, ఎండుచేప ఉంది, నెత్తురు వేపుడు కూడా ఉంది. వాటికి శాకాహారుల మనసు నొవ్వదా? వాళ్ళను ఎవరైనా అడిగారా? అడగలేదు. ఆ వంటలు పంపిన వీధులు వేరే, అంతే.

చట్టం సంగతి కూడా ఎత్తారు కాబట్టి చెప్తాను. తమిళనాడులో 1958 చట్టం ఉంది. పదేళ్ళు దాటి, పనికీ ఈతకీ పనికిరాదని సర్టిఫికెట్ ఉన్న పశువును కోయవచ్చు. ఆవును, పెయ్యను కోయకూడదని 1976లో ఉత్తర్వు వచ్చింది. కర్ణాటకలో 2020 చట్టం తర్వాత పదమూడేళ్ళు దాటిన ఎనుము తప్ప వేరేది కుదరదు. మహారాష్ట్రలో 2015 నుంచి ఎద్దు కూడా కుదరదు, ఎనుము కుదురుతుంది. బెంగళూరు, పుణె సభ్యుల కోసం ఈ నాలుగు వాక్యాలు ఆ పేజీ అడుగున వేయండి. చట్టాన్ని గౌరవించినట్టూ ఉంటుంది, వంట ఉన్నట్టూ ఉంటుంది. చట్టం పేరు చెప్పి చట్టం ఆపని దాన్ని కూడా ఆపడం న్యాయం కాదు.

2022 మే నెల ఆంబూరు బిర్యానీ పండగ చాలామందికి గుర్తుండే ఉంటుంది. జిల్లా యంత్రాంగం పండగ ప్రకటించింది, బీఫ్ బిర్యానీకి మాత్రం చోటు ఇవ్వలేదు. ఆంబూరులో! రాష్ట్ర ఎస్సీ ఎస్టీ కమిషన్ ఇది వివక్ష కాదా అని వివరణ అడిగింది. చివరికి వాన పేరు చెప్పి పండగే వాయిదా వేశారు. ఒక కుండ పక్కన పెట్టబోయి మొత్తం పొయ్యి ఆర్పుకున్నారు. మనకూ అదే గతి పట్టకూడదని నా బాధ.

మహారాష్ట్ర సభ్యులకు షాహూ పాటోళే పేరు తెలిసి ఉండొచ్చు. 2015లో ఆయన మరాఠీలో ఒక పుస్తకం రాశారు. అన్నం పూర్ణబ్రహ్మ అంటారు కదా, ఆయన దాన్ని తిప్పి అన్నం అపూర్ణ బ్రహ్మ అని పేరు పెట్టారు. మరాఠ్వాడా మహర్లు, మాంగులు ఏం వండుకున్నారో, ఎందుకు అట్లా వండుకున్నారో అందులో ఉంది. తమ వంట ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టే ఆయన రాయాల్సి వచ్చింది. అంబేడ్కర్ అయితే 1948లోనే అంటరానితనం ఎట్లా పుట్టిందో రాసిన పుస్తకంలో బీఫ్ తినడం దగ్గరే వేలు పెట్టారు. ఇది ఉత్త కూర గొడవ కాదని మనకు డెబ్బై ఏళ్ళకు ముందే చెప్పారు.

ఇంతవరకూ కమిటీని అన్నాను. ఇప్పుడు నన్ను నేను అనుకోవాలి, లేకపోతే ఈ పోస్టు అబద్ధం అవుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మ సోమవారం నాడు ఆదివారం మిగిలిన కైమా ఉండలు టిఫిన్ బాక్సులో పెట్టేది. మధ్యాహ్నం బాక్సు తెరిస్తే వాసన వచ్చేది, మంచి వాసన. పక్క సీటు ఆయన ఒకరోజు "ఏమిటి, మటన్ కోలానా?" అని అడిగారు. నేను "అవునండీ" అన్నాను. ఆయన మంచి మనిషి, నన్ను ఎప్పుడూ ఒక మాట అనలేదు. నేను నిజం చెప్పినా ఏమీ అనేవారు కాదేమో. నాకు తెలీదు, నేను చెప్పి చూడలేదు కదా. ఆ రోజు నుంచి రిటైర్ అయ్యేదాకా ఆఫీసులో మా ఇంటి కూర మటనే. ఎవరూ బలవంతపెట్టలేదు. నేనే చీటీ మార్చుకున్నాను. గూడ్స్ షెడ్డులో తప్పుడు డిక్లరేషన్ పట్టుకునే క్లర్కు, తన టిఫిన్ బాక్సు మీద తప్పుడు డిక్లరేషన్ రాసుకున్నాడు.

మా అమ్మకు ఈ సంగతి తెలీదు. "మీ ఆఫీసువాళ్ళకు నా ఉండలు నచ్చినాయా?" అని అడిగేది. నచ్చాయనే చెప్పేవాణ్ణి. అది మాత్రం నిజం. పక్క సీటు ఆయన రెండు తీసుకునేవారు.

(ఇది చదివి కొందరు నన్ను తిడతారు, ఆయనకు తెలియకుండా పెట్టావే అని. తిట్టండి. అది తప్పే. ఒక అబద్ధం ఎంత దూరం పోతుందో చూపించడానికే చెప్తున్నాను. మటన్ అని మార్చి అచ్చు వేసే పుస్తకం కూడా అదే పని చేస్తుంది.)

అందుకే ఆ ముసలావిడ అడిగినప్పుడు నాకు మాట రాలేదు. నేను ఇన్నేళ్ళు భయపడి చేసిన పనిని, చదువురాని ఆమె ఒక్క రోజు కూడా చేయనంటోంది.

చివరిగా ఒక సంగతి. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక తెలుగు పిల్లల కోసం మనం అర్జీలు పెట్టాం. తమిళనాడులో తెలుగు మాట్లాడేవాళ్ళు ఇంతమంది ఉన్నారని చూపించడానికి వీధి వీధి తిరిగి సంతకాలు తీసుకున్నాం. మా వీధికీ వచ్చారు. చదువురానివాళ్ళ చేత వేలిముద్రలు వేయించుకున్నారు. వేసినవాళ్ళలో ఈ పెద్దావిడ కూడా ఉంది. బడి లేకుండా, పుస్తకం లేకుండా, నోటి మీదే తెలుగును నిలబెట్టిన ఇల్లు అది. తలల లెక్కకు మేము తెలుగువాళ్ళం. వంటల లెక్క దగ్గరకు వచ్చేసరికి మా కూర తెలుగుది కాకుండా పోతుందా?

నా కోరిక రెండే ముక్కలు. ఆ వంటను ఉన్నది ఉన్నట్టు, బీఫ్ అని రాసి, ఆ పెద్దావిడ పేరుతో వేయండి. అది కుదరదంటే పుస్తకం పేరు మార్చండి. "తమిళనాట కొందరు తెలుగువారి వంటలు" అని పెట్టుకోండి. అప్పుడు నాకు ఏ అభ్యంతరమూ లేదు. ప్రూఫు కూడా నేనే చూసి పెడతాను.

కమిటీ ఏం చేసినా, వంట మాత్రం ఇక్కడ రాసేస్తున్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టే.

అరకిలో బీఫ్ కైమా. కొట్టులో మీ ఎదురుగా మిషన్ కడిగించి ఆడించుకోండి, అదే రోజు వండేయండి. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు ఒక గుప్పెడు, పచ్చిమిర్చి మూడు, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక చెంచా, సోంపు పొడి అర చెంచా, కొత్తిమీర, పసుపు, ఉప్పు, మూడు చెంచాల పుట్నాల పొడి. అన్నీ కలిపి గట్టిగా పిసికి నిమ్మకాయంత ఉండలు కట్టాలి. నీళ్ళు కలపకూడదు. వేరే గిన్నెలో నూనె పోసి ఉల్లి, కరివేపాకు, టమాటా వేయించి, కారం, ధనియాల పొడి, కొంచెం చింతపండు రసం, అరచిప్ప కొబ్బరి ముద్ద వేసి నీళ్ళు పోసి మరగనివ్వాలి. తెర్లుతున్న పులుసులో ఉండలు ఒక్కొక్కటే వదలాలి. మొదటి పది నిమిషాలు గరిటె పెట్టకూడదు, గిన్నెనే పట్టి తిప్పాలి. మొత్తం అరగంట. ముక్కకైతే క్రిములు పైనే ఉంటాయి, కైమాలో లోపలిదాకా కలిసిపోతాయి. అందుకని ఉండ విరిస్తే మధ్యలో ఎరుపు ఉండకూడదు. థర్మామీటర్ ఉన్నవాళ్ళకు 71 డిగ్రీల సెల్సియస్ లెక్క. పసుపు వేసిన కొబ్బరిపాల అన్నంతో తినండి. రాగిముద్దతో ఇంకా బాగుంటుంది.

తిననివాళ్ళు పేజీ తిప్పేయండి. తినేవాళ్ళు వండి చూసి ఆ పెద్దావిడకు ఒక మాట చెప్పండి. ఆదివారం మీటింగులో నేను ఉంటాను. ఈసారి నోరు మూసుకుని కూర్చోను.